కంప్యూటరు ధ్వనిలో చిటపటలు : కారణములు, పరీక్షలు

గత విద్యాసంవత్సరములో మా తెలుగు తరగతి విద్యార్థులకు ఒక శ్రుతలేఖనము పెట్టినాను. పాఠమును నేనే చదివి కంప్యూటరులో ముద్రించి, భాషా ప్రయోగశాలలోని యంత్రములన్నింటిలోను ఉంచినాను. విద్యార్థులు చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని, విన్నది విన్నట్లు వ్రాయవలెను. పత్రములు దిద్దునప్పుడు మూడింటిలో వింత తప్పులు కనబడినవి. "పళ్ళెము తెచ్చి అటు పెట్టినది" అని నేను చదువగా ఒక విద్యార్థిని "పళ్ళెము తెచ్చి అట్టు పెట్టినది" అని వ్రాసినది. మరియొకరు "ఫలము"ను "పలము" చేసినారు. మూడవవారు ఒక విభక్తి ప్రత్యయమునే మింగివేసినారు. ముగ్గురును ఉర్దూ మాధ్యమమున పాఠశాల విద్య ముగించి వచ్చినవారు. తెలుగు ఒత్తులు ఇంకను పట్టుబడలేదని తలచి, ఎర్ర సిరాతో మార్కులు కోసినాను.

ఆ తలపు ఎంత తప్పో నాకు ముందే తోచవలసినది. ఉర్దూలో "పల్" అనగా క్షణము, "ఫల్" అనగా పండు. "పతా" అనగా చిరునామా, "పత్తా" అనగా ఆకు. ఇంటిలో ఈ భేదములను పుట్టినది మొదలు వినుచు పలుకుచు పెరిగిన పిల్లలకు ఒత్తు తెలియదనుట నా తొందరపాటు. పత్రములు తిరిగి ఇచ్చిన నాడు ఆ విద్యార్థిని నిలబడి, "సార్, నాకు అట్లే వినవచ్చింది. నడుమ నడుమ చిటపటమని కూడ వచ్చింది" అన్నది. సాకు అనుకొన్నాను. అయినను ఆమె కూర్చున్న యంత్రము వద్ద నేనే కూర్చుండి పాఠమంతయు విన్నాను. చిటపటలు వినబడినవి. ఆమె చెప్పిన "అటు" మాత్రము ఆ విడత శుద్ధముగానే వచ్చినది. రెండవ మారు విన్నప్పుడు చిటపటలు వేరొక వాక్యములో వచ్చినవి. నాకు ఆలోచన తట్టినది అప్పుడే.

చిటపట ధ్వని మన కురవి వారికి క్రొత్త కాదు. శివరాత్రికి వీరభద్రస్వామి జాతరలో కట్టిన మైకులును, వానకాలపు ఉదయమున అజాన్ వినిపించు మైకులును ఒక్కొక్కప్పుడు గరగరమనుట అందరమును విన్నాము. అక్కడ తీగ వదులైనదనియో, తడి చేరినదనియో మెకానిక్ చెప్పును. కంప్యూటరు చిటపటకు కూడ తీగలే కారణమని తలచి మనము క్రొత్త హెడ్‌ఫోనులు కొనుటకు సిద్ధపడుదుము. మా ప్రయోగశాలకును అట్టి కొనుగోలు ప్రతిపాదనయే వ్రాయబడి ఉండెను. కాని కంప్యూటరు పలుకు తీరు వేరు. దానిని కొంత తెలిసికొన్నగాని ఈ వ్యాధి తెలియదు.

మైకులో ధ్వని ఒక నిరంతర ప్రవాహముగా తీగ వెంట పోవును. కంప్యూటరులో అట్లు కాదు. అది ధ్వనితరంగము యొక్క ఎత్తును సెకనుకు వేల మార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా దాచుకొనును. 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కుకు సెకనుకు 44,100 కొలతలు నిర్ణయించినారు. నేటి కంప్యూటర్లు, చలనచిత్రములు తరచు 48,000 వాడును. వినిపించునపుడు ఈ అంకెలను ఒకదాని వెంట ఒకటి, తాళము తప్పకుండ, విద్యుత్తరంగముగా మార్చవలెను. సెకనుకు 48,000 మార్లు జరుగవలసిన ఈ పనిలో ఆలస్యమునకు తావు లేదు. కాని కంప్యూటరు ఒక్క ధ్వని కొరకే కూర్చుండదు. తెర గీయవలెను, ఇంటర్నెట్ చూడవలెను, వైరస్ వెదకవలెను. అందుచేత అది కొన్ని అంకెలను ముందుగానే ఒక తొట్టిలో నింపి ఉంచును. దీనినే బఫరు అందురు.

మన ఇంటి నీళ్ళ ట్యాంకును తలచుకొనుడు. మోటరు ఆగి ఆగి నడిచినను ట్యాంకులో నీరున్నంతవరకు నల్లా ధార తెగదు. మోటరు పెట్టుట ఆలస్యమై ట్యాంకు అడుగంటినప్పుడు నల్లాలో గాలి చొరబడి బుసబుస, టపటప అనును. కంప్యూటరు చిటపటలలో ఎక్కువ పాలు ఈ నల్లా టపటపలే. విండోసు సాధారణముగా ధ్వనిని సెకనులో నూరవ వంతు ముక్కలుగా, అనగా 48,000 లెక్కన ఒక్కొక్క మారు 480 అంకెలుగా అందించును. అట్టి ముక్క ఒక్కటి వేళకు రాకపోయినను ధార తెగును. తెగినచోట తరంగము ఉన్న ఎత్తునుండి ఒక్కసారి సున్నకు పడిపోవును, మరల ఒక్కసారి లేచును. మెల్లగా మారు గాలి ఒత్తిడి ఇట్లు హఠాత్తుగా విరిగినప్పుడు చెవి దానిని నిశ్శబ్దముగా కాక ఒక దెబ్బగా వినును. "టప్" అను శబ్దము అదియే.

ఇక్కడ భాషా విద్యార్థులు ఆగి చూడదగిన విషయమొకటి కలదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణములో చిన్నయసూరి క చ ట త ప లను పరుషములన్నాడు. ఇవి ఎట్లు పుట్టునో అద్దము ముందు పలికి చూడుడు. ప పలుకునపుడు పెదవులు మూసికొని ఊపిరి నిలిచిపోవును, తరువాత ఒక్కసారిగా విడుదలగును. అనగా పరుషమనునది కొంత నిశ్శబ్దము, దాని వెంట ఒక చిన్న ప్రేలుడు. కంప్యూటరు పలుకులో ధార తెగుటయు సరిగా ఈ ఆకారమే. కనుక చిటపట వచ్చినచోట చెవి లేని పరుషమును కల్పించుకొనవచ్చును, లేదా ఉన్నదానిని పోగొట్టుకొనవచ్చును. ఒత్తక్షరమున్న చోట ఆ మూసికొని ఉండు కాలము ఒంటి అక్షరముకంటె చాల ఎక్కువ, రమారమి రెట్టింపు. "అటు"లోని టకారపు నిశ్శబ్దమునందే యంత్రము క్షణకాలము ఆగి మరల మొదలిడినచో నిశ్శబ్దము సాగి "అట్టు" అగును. అచ్చట అప్పటికే నిశ్శబ్దము కనుక "టప్" అను దెబ్బ కూడ వినబడదు. దోషము అక్షరములో దాగిపోవును. ఇక మహాప్రాణములలో, ప తరువాత వచ్చు ఊపిరి సెకనులో వెయ్యవ వంతులు కొన్ని పదులు మాత్రమే ఉండును. అది ఎగిరిపోయిన "ఫలము" "పలము" కాక ఏమగును? సంగీతము వినువారికి చిటపట చికాకు మాత్రమే. భాష నేర్చుకొనువారికి అది అక్షరములనే మార్చివేయును.

ఇంతకును మా ప్రయోగశాలలో ఏమి చేసినాము? మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. అదే పాఠమును అదే యంత్రముపై మూడు మార్లు విని, చిటపట వచ్చిన నిమిషము, సెకను కాగితముపై వ్రాసికొనవలెను. మూడు మార్లును అదే చోట వచ్చినచో దోషము ముద్రణలోనే కలదు. స్పీకర్లు మార్చినను కంప్యూటరు మార్చినను అది పోదు. ప్రతిమారు చోటు మారినచో ముద్రణ శుద్ధము, యంత్రము వేళకు అందించుట లేదు లేక తీగలో లోపమున్నది. దిద్దినవాడను నేనే అయ్యుండి ఈ సూత్రమును పత్రములలోనే చూడలేకపోయినాను. ముగ్గురి తప్పులు మూడు వేర్వేరు చోట్ల ఉన్నవి. నా చదువులోనో ముద్రణలోనో దోషముండిన తరగతి అంతయు ఒక్కచోటనే తడబడి ఉండవలసినది.

రెండవ పరీక్ష తీగకు సంబంధించినది. వినుచుండగా హెడ్‌ఫోను తీగను, యంత్రములో దూర్చిన జాకును మెల్లగా కదల్పవలెను. కదలికతో పాటు గరగర వచ్చినచో లోపము అక్కడనే. జాకు రంధ్రములో దుమ్ము, లోహముపై పట్టిన మరక సాధారణ కారణములు. కంప్యూటరు ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన సన్నని పుల్లదూదితో తుడిచి, ఆరిన పిదప చూడవలెను. పాత స్పీకర్లలో శబ్దము పెంచు గుండీ త్రిప్పినప్పుడు మాత్రమే చరచరమనును. అది గుండీ లోపలి దుమ్ము. మా మూడు యంత్రములలో ఒకదానికి జాకు వదులు. అది ఒక్కటే తీగ జబ్బు.

మిగిలిన రెండింటికి హెడ్‌ఫోనులు మార్చి చూచినను చిటపట మారలేదు. అప్పుడు ట్యాంకు నింపు మోటరు ఎందుకు ఆగుచున్నదో వెదకినాము. ఒక్కొక్క పనిని ఆపి చూచుట తప్ప వేరు మార్గము లేదు. ముందు వైఫై ఆపినాము. చిటపటలు చాలవరకు తగ్గినవి. వైఫై పరికరమును నడుపు డ్రైవరు అను ప్రోగ్రాము పాతబడి, తన పని ముగియువరకు కంప్యూటరును ఇతరులకు వదలకుండ పట్టుకొనుచున్నదన్నమాట. ఏ డ్రైవరు ఎంతసేపు పట్టుకొన్నదో చూపుటకు లేటెన్సీమాన్ అను ఉచిత ప్రోగ్రాము విండోసుకు కలదు. అందులోను నెట్‌వర్కు డ్రైవరు పేరే పైకి వచ్చినది. తయారీదారుల వద్దనుండి క్రొత్త డ్రైవరు దించుకొనగా ఆ బాధ తీరినది. మిగిలిన కొద్దిపాటి చిటపట సరిగా మా తరగతి వేళకే వచ్చెడిది. వైరస్ వెదకు ప్రోగ్రాము అదే గంటకు పని మొదలిడునట్లు ఎవరో ఏర్పాటు చేసినారు. దానిని మధ్యాహ్న విరామమునకు మార్చినాము. విద్యుత్ పొదుపు ఏర్పాటును తీసి పూర్తి వేగమునకు మార్చుట కూడ ఇందు ముఖ్యమే. పొదుపులో ఉన్న కంప్యూటరు తన వేగమును తగ్గించుకొని, పని పడినప్పుడు మేల్కొనుటకు ఆలస్యము చేయును. ల్యాప్‌టాపులలో ఇది తరచు కనబడును.

ఇంకొక మాట. ధ్వని అమరికలలో "ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్" అను మెరుగుదలలు ఉండును. ప్రతి ముక్కను వినిపించుటకు ముందు వాటికి అలంకారములు చేయుట వీటి పని. పాఠము వినుటకు ఇవి ఏమియు అక్కరలేదు. తీసివేసి చూడవలెను. అక్కడనే సెకనుకు ఎన్ని కొలతలో నిర్ణయించు అమరికయు కలదు. కొన్ని యంత్రములలో 44,100 నుండి 48,000కు గాని, 48,000 నుండి 44,100కు గాని మార్చినంతనే గరగర పోయిన సందర్భములు కలవు.

బఫరును పెద్దది చేసిన చాలదా అని విజ్ఞాన శాస్త్ర విద్యార్థులు అడుగుదురు. చాలును, కాని దానికి వెల కలదు. ట్యాంకు పెద్దదైన కొలది క్రొత్త నీరు నల్లాకు చేరుట ఆలస్యమగును. వినుటకు మాత్రమే అయినచో సెకనులో పదవ వంతు ఆలస్యము మనకు పట్టదు. కాని మైకులో మాట్లాడుచు తన గొంతును తానే హెడ్‌ఫోనులో వినువానికి ఆ ఆలస్యము నాలుకను తడబరచును. ఆడాసిటీ అను ఉచిత ముద్రణ ప్రోగ్రాములో ఈ బఫరు నిడివి మామూలుగా సెకనులో పదవ వంతుగనే ఉండును. మార్చుకొనుటకును వీలు కలదు.

అన్ని చిటపటలును ఇట్టివి కావు. కొంతసేపు నిశ్శబ్దము తరువాత ధ్వని మొదలైనప్పుడు ఒక్క "టప్", ఆగిన కొన్ని క్షణములకు మరియొక "టప్" వచ్చి, నడుమ అంతయు శుద్ధముగా ఉన్నచో అది ధ్వని పరికరము నిద్రించి మేల్కొనుటయే. లినక్సులో ధ్వని డ్రైవరుకు గల "పవర్ సేవ్" విలువను సున్న చేసినచో అది నిద్రించదు. గొంతు పెద్దదైన చోట్ల మాత్రమే పగిలినట్లు వినబడినచో కారణము వేరు. పదునారు బిట్ల ముద్రణలో కొలత 32,767కు మించి ఎక్కలేదు. అంతకు మించిన తరంగశిఖరమును కత్తితో కోసినట్లు చదును చేయును. ధ్వనిని నూటికి నూరు దాటించి పెంచు ప్లేయర్లలో ఇది నిత్యము జరుగును. తగ్గించి విన్నప్పుడు పోయినచో వినిపించుటలో లోపము, పోనిచో ముద్రించునప్పుడే కోత పడినదని అర్థము.

విద్యుత్తు వలన వచ్చునది చిటపటకంటె హూంకారము వంటిది. మన సరఫరా సెకనుకు 50 ఆవృత్తులు కనుక ఆ మంద్రస్వరము చెవికి ఎరుకే. ల్యాప్‌టాపు చార్జరును ఊడదీసి బ్యాటరీపై విన్నప్పుడు పోయినచో ఎర్తింగు చూపించుకొనవలెను. మూడు కాళ్ళ ప్లగ్గులో ఎర్తు కాలు విరిచి హూంకారము తగ్గించు వైద్యమొకటి ప్రచారములో కలదు. అది ప్రాణాంతకము. ఎవ్వరును చేయరాదు. ఇక "టిర్రు టిర్రు టిర్రు" మను శబ్దము స్పీకరులో వచ్చి వెంటనే ఫోను మ్రోగినచో అది కంప్యూటరు దోషమే కాదు. పాత 2జి ఫోను సెకనుకు సుమారు 217 మార్లు తునుకలుగా రేడియో తరంగములు పంపును, స్పీకరు తీగ ఆ తునుకలను పట్టుకొనును. ఫోను రెండడుగులు జరిపినచో చాలును.

ముద్రణలోని దోషమును గూర్చి విడిగా చెప్పవలసి ఉన్నది, ఏలయన దానికి మందు తక్కువ. గ్రామములోని పెద్దల మాటలను ముద్రించి తెమ్మని నేను కొందరు విద్యార్థులకు పని ఇచ్చినాను. అందులో ఒక వృద్ధుడు వాక్యము తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగించు మన ఊరి పలుకుబడిని చక్కగా మాట్లాడినాడు. ముద్రించిన ల్యాప్‌టాపు పొదుపులో ఉండి, నేపథ్యమున ఏదో దించుకొనుచున్నదట. పాఠమందు ఏడు చోట్ల ధార తెగినది. ఎన్ని మార్లు విన్నను అవే ఏడు చోట్లు. మరల వెళ్ళి ముద్రింతమని విద్యార్థులు తీరిక చేసికొనునప్పటికి ఆయన లేడు.

ఆడాసిటీలో "రిపేర్" అను సాధనము కలదు. అది చుట్టుప్రక్కల తరంగమును చూచి, ఒక్కసారికి 128 కొలతల వరకు చెడినచోటును అల్లి పూడ్చును. 48,000 లెక్కన ఇది సెకనులో నాలుగు వందవ వంతుకంటె కొంచెము ఎక్కువ. ఏడింటిలో నాలుగు ఇట్లు పూడినవి. మిగిలిన మూడు అంతకంటె వెడల్పు. ఒకచోట ఏ మాట పోయినదో వాక్యమునుబట్టి ఊహింపవచ్చును. తక్కిన రెండుచోట్ల ఊహ కూడ సాగదు. అవి అట్లే వదలి, ప్రతిలిపిలో చుక్కలు పెట్టించినాను. ఊహించి పూరింతమన్న విద్యార్థి మాట నేను అంగీకరింపలేదు.

ముద్రించునప్పుడు చేయవలసినవి నిజమునకు స్వల్పము. ల్యాప్‌టాపైనచో చార్జరు పెట్టి, పొదుపు తీసి, వైఫై ఆపి, తక్కిన ప్రోగ్రాములన్నియు మూసివేయవలెను. అరనిమిషము ముద్రించి, విని, పిదపనే అసలు పని మొదలిడవలెను. ధ్వని గరిష్ఠ పరిమితిలో సగమును దాటకుండ చూచుకొన్నచో నవ్వినను దగ్గినను కోత పడదు. ప, ఫ, భ లు పలికినప్పుడు వచ్చు గాలి మైకుకు సూటిగా తగిలి "ధబ్" మనును. మైకును నోటికి ఎదురుగా కాక కొంచెము ప్రక్కగా ఉంచవలెను.

పాత గ్రామఫోను రికార్డులను కంప్యూటరులోనికి ఎక్కించి వినువారు మన పాఠకులలో ఉందురు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినది మొదలు మన దేశపు తొలినాటి రికార్డులు లక్కలో రాతిపొడి కలిపి చేసినవి. ఆ పొడి రేణువులపై సూది రాచుకొనుటయే వాటి నిరంతర గరగర. గీత పడిన రికార్డు నిమిషమునకు 78 మార్లు తిరుగును కనుక దాని "టక్" సెకనులో ముప్పాతికకు ఒకమారు, గడియారము వలె వచ్చును. అట్టి లయ వినబడినప్పుడు కంప్యూటరును నిందింపరాదు. ఆ ధ్వనిని తీసివేయు ప్రోగ్రాములను గట్టిగా వాడినచో గొంతులోని పరుషములు కూడ అరిగిపోవును. ప్రోగ్రామునకు రెండును దెబ్బలే కదా. నా మట్టుకు నాకు కొంచెము గరగర ఉన్న పాటయే మేలు.

మా ప్రయోగశాలలో డ్రైవరు మార్చి, వేళ మార్చి, జాకు బిగించిన పిదప అదే పాఠమును మూడు యంత్రములపై మూడేసి మార్లు విన్నాము. ఎక్కడను తెగలేదు. హెడ్‌ఫోనుల కొనుగోలు ప్రతిపాదనను కమిటీ వారి అనుమతితో ఉపసంహరించుకొన్నాము, జాకు ఒక్కటి తప్ప. ముగ్గురు విద్యార్థులకు క్రొత్త పాఠముతో మరల శ్రుతలేఖనము పెట్టినాను. "అటు", "అట్టు" రెండును అందులో ఉద్దేశపూర్వకముగనే చేర్చినాను. రెండును సరిగా వ్రాసినారు. మార్కుల పట్టికలో పాత అంకెలు కొట్టివేసి క్రొత్తవి వేసి, ప్రక్కన సంతకము చేసినాను.

ప్రయోగశాల తలుపు వద్ద ఇప్పుడొక నోటుపుస్తకము వ్రేలాడుచున్నది. ఏ యంత్రము, ఏ పాఠము, ఏ నిమిషమున ఏ శబ్దము వినబడినది అను నాలుగు గడులు అందులో గీసి ఉన్నవి. మొదటి పుటలో మొదటి వరుస ఆ విద్యార్థినియే నింపినది.